సూడో: రూట్ అధికారం చేతులు మారిన కథ

మన మెట్టకూరులో 'అడ్మినిస్ట్రేటర్' అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది యానాం రీజనల్ అడ్మినిస్ట్రేటర్ గారి ఆఫీసు. ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ వింటున్న మాట. లైనక్స్ కంప్యూటర్‌లోనూ అలాంటి దొర ఒకరున్నారు. పేరు రూట్. ఏ ఫైలైనా తెరుస్తారు, ఏదైనా చెరిపేస్తారు, అడిగేవారుండరు. ఆ అధికారం ఇతరుల చేతికి ఎలా వచ్చిందో చెప్పుకుందాం.

బెల్ ల్యాబ్స్ 1971లో తెచ్చిన యునిక్స్ మొదటి మాన్యువల్‌లోనే 'ఎస్‌యూ' ఆదేశం ఉంది. రూట్ పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, మీరే రూట్. చిక్కంతా అక్కడే. పదిమంది పనిచేసే చోట పదిమందికీ అదే పాస్‌వర్డ్ చెప్పాలి. రేపు ఏదైనా పోతే చేసిందెవరో తేలదు.

మరి మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవాలన్నా, రూట్ తప్ప ఎవరూ ముట్టకూడని ఫైల్లో రాయాలి కదా? దీనికి డెన్నిస్ రిచీ 'సెట్‌యూఐడీ' కనిపెట్టారు. మనిషి మామూలుగానే ఉంటాడు, అతను నడిపే ఆ ఒక్క ప్రోగ్రాము మాత్రం నడిచినంతసేపు రూట్ అధికారంతో నడుస్తుంది. 1979లో దీనికి పేటెంట్ వచ్చింది, తర్వాత అందరికీ వదిలేశారు. ఈ కథలో అసలు తెలివి ఇదేనని మా అభిప్రాయం.

దాని ఆధారంగానే 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ 'సూడో' రాశారు. ఎవరు ఏ పని చేయవచ్చో ఒక జాబితా ఉంటుంది. ఇప్పుడైతే మీ పాస్‌వర్డే మీరు కొడతారు, చేసిన పని మీ పేరు మీద లాగ్ ఫైల్లో పడుతుంది. 2004లో వచ్చిన ఉబుంటు రూట్ లాగిన్‌ను మూసేసి అంతా సూడోతోనే నడిపించింది. జాబితాలో లేనివారు ప్రయత్నిస్తే "ఈ సంగతి నివేదించబడుతుంది" అని పాత వెర్షన్లు బెదిరించేవి. ఎవరికో మాత్రం చెప్పేవి కావు!

అంత కాపలా ఉన్నా 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ సూడోలోనే ఒక లోపం బయటపెట్టింది. జాబితాలో లేని యూజర్ కూడా రూట్ అయిపోవచ్చు. 2011 జులై నుంచీ ఉందది. సోర్సు కోడ్ అందరి కళ్లముందే ఉండగా దాదాపు పదేళ్లు!

కాబట్టి సంఘం కంప్యూటర్ విషయంలో మా మాట ఇది. అప్‌డేట్లు వారం వారం పడాలి. సూడో జాబితాలో ఇద్దరి పేర్లుండాలి. ఒక్కరే ఉంటే ఆయన ఊళ్లో లేనిరోజు పని ఆగిపోతుంది. నేర్చుకునే పిల్లలందరినీ చేర్చేస్తే జాబితా ఉన్నా లేకున్నా ఒకటే. ఆ ఇద్దరెవరో వచ్చే సమావేశంలో తేల్చుకుందాం.