ఆమ్ల నేలల్లో వరికి అందని సిలికా

వరి ఆకు అంచును వేళ్లతో దూస్తే చర్మం కోసుకుపోతుంది. ఆకు కణాల్లో పేరుకున్న సిలికాయే ఆ పదునుకు కారణం. మొక్క ఎండు బరువులో ఇది 10 శాతం వరకు ఉంటుంది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో ఏదీ ఇంత మోతాదులో వరిలో చేరదు. అయినా ఎరువుల లెక్కల్లో దీని ఊసు అరుదు. సిలికా తగ్గిన చేను తేలికగా పడిపోతుంది. అగ్గి తెగులు, గోధుమ రంగు మచ్చ తెగులు త్వరగా సోకుతాయి. కాండం తొలుచు పురుగుకు కూడా మెత్తని కాడ సులువుగా చిక్కుతుంది.

భూమి పైపొరలో ఆక్సిజన్ తరువాత అత్యధికంగా ఉన్న మూలకం సిలికాన్. మరి కొరత ఎందుకు? ఇసుక రేణువులోని సిలికాను వేరు పీల్చుకోలేదు. నీటిలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే అది గ్రహిస్తుంది. వేరులోకి దానిని చేరవేసే ఎల్ఎస్ఐ1 జన్యువును జపాన్‌లోని శాస్త్రవేత్తల బృందం 2006లో వెల్లడించింది. మరుసటి ఏడాది ఎల్ఎస్ఐ2 బయటపడింది. వరికి ఈ ఏర్పాటు బలంగా ఉంది. పప్పుధాన్యపు పంటలు సాధారణంగా సిలికాన్‌ను చాలా తక్కువగా తీసుకుంటాయి.

నేల గుణం ఇక్కడే కీలకమవుతుంది. ఉదజని సూచిక 7 నుంచి 9 వైపు పెరిగే కొద్దీ ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు సిలిసిక్ ఆమ్లాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. సూచిక తగ్గితే ఆ పట్టు సడలి, సిలికాన్ నీటిలోకి వస్తుంది. ఈ లెక్కన ఆమ్ల నేలలో వరికి సిలికా పుష్కలంగా దొరకాలి. వాస్తవం వేరు. నేలకు ఆమ్లత్వం తెచ్చిన అధిక వర్షాలే, కరిగిన సిలికాను ఏళ్ల తరబడి కడిగి తీసుకుపోయాయి. కేరళ లాటరైట్ నేలల్లో జరిగింది ఇదే. విశాఖ మన్యంలోని కొండవాలు ఎర్రనేలలకూ చాలావరకు ఈ గుణమే ఉంది. విడుదల చేసే గుణం ఉన్నా నిల్వ లేదన్నమాట.

సూచిక 5.5 కన్నా దిగజారితే కరిగిన అల్యూమినియం వేరు కొనలను దెబ్బతీస్తుంది. వేరు కురచబడితే సిలికాతో పాటు ఇతర పోషకాలూ అందవు. సిలికాన్ తగినంత ఉంటే అది అల్యూమినియంతో కలిసి దాని విషప్రభావాన్ని తగ్గిస్తుంది.

నీరు నిలిపిన మాగాణిలో కొన్ని వారాలకు ఆమ్ల నేల సూచిక తటస్థం వైపు జరుగుతుంది. ఇనుప ఆక్సైడ్లు కరిగి, పట్టి ఉంచిన సిలికాన్‌ను వదులుతాయి. కొండవాలు మెట్ట వరికి ఈ మేలు లేదు.

ఆమ్లత్వం తగ్గించడానికి సున్నం వేయడం మంచిదే. కానీ సున్నం సిలికాన్‌ను ఇవ్వదు. పైగా సూచిక పెరగడంతో ఉన్న కొద్దిపాటి సిలికాన్ మళ్లీ ఆక్సైడ్లకు అంటుకోవచ్చు. కాల్షియం సిలికేట్ అయితే రెండు పనులూ చేస్తుంది. ఉక్కు కర్మాగారాల స్లాగ్‌లో ఈ పదార్థం ఉంటుంది. జపాన్ 1955లోనే సిలికేట్‌ను ఎరువుగా గుర్తించింది. అయితే భారలోహాల పరీక్ష లేకుండా స్లాగ్‌ను పొలంలో వేయరాదు.

మన చేతిలోని వనరు గడ్డి, ఊక. హెక్టారుకు 5 టన్నుల ధాన్యం ఇచ్చే పంట 230 నుంచి 470 కిలోల సిలికాన్‌ను నేల నుంచి తీసుకుంటుంది. ఇందులో అధిక భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని పశువులకు వేసినా, పెంటను తిరిగి అదే పొలానికి చేరిస్తే నష్టం తగ్గుతుంది. గడ్డి అమ్ముకున్న పొలానికి మాత్రం ఆ లోటు ఏటా పెరుగుతూనే ఉంటుంది.

ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికా ఉంటుంది. తక్కువ వేడికి కాలిన నల్లని బూడిద మేలు. బాయిలర్లలో అధిక వేడికి కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారి సులభంగా కరగదు. దాని దుమ్ము ఊపిరితిత్తులకూ హానికరం. చల్లేటప్పుడు తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. బూడిదకు క్షార గుణం ఉంది కనుక చౌడు నేలల్లో వాడరాదు. భూసార పరీక్షలో ఉదజని సూచిక తెలుసుకున్నాకే మోతాదు నిర్ణయించుకోవాలి. యూరియా అతిగా వేస్తే నేలలో ఆమ్లత్వం పెరుగుతుంది, ఆకులో సిలికా శాతమూ తగ్గుతుంది.