పెర్సీ జూలియన్

పెర్సీ లావన్ జూలియన్ (1899–1975) ఆఫ్రికన్ అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. 1931లో వియన్నాలో డాక్టరేట్ పొందాడు.

కంటిజబ్బు గ్లాకోమాకు అప్పట్లో వాడిన ఫైసోస్టిగ్మిన్‌ను 1935లో డిపా విశ్వవిద్యాలయంలో, జోసెఫ్ పిక్ల్‌తో కలిసి కృత్రిమంగా తయారుచేశాడు. అదే పనిలో ఉన్న ఆక్స్‌ఫర్డ్ దిగ్గజం రాబర్ట్ రాబిన్సన్ ఫలితం తప్పని తేల్చిందీ ఈ జంటే. అయినా నల్లజాతివాడన్న కారణంతో డిపాలో ఆచార్య పదవి దక్కలేదు. 1936లో షికాగోలోని గ్లిడెన్ కంపెనీలో చేరాడు.

అక్కడొకసారి సోయా నూనె ట్యాంకులోకి నీరు కారి, తెల్లని ముద్ద పేరుకుంది. మరొకరైతే పారబోయించేవారేమో. జూలియన్ అందులో మొక్కల స్టెరాయిడ్ స్టిగ్మాస్టెరాల్‌ను గుర్తుపట్టాడు. దాని నుంచి ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను పెద్ద ఎత్తున తీశాడు. కార్టిసోన్‌ను కనుగొన్నది ఇతడేనని కొందరు రాస్తారు, అది సరికాదు. అలాంటి స్టెరాయిడ్ మందుల తయారీకి పనికొచ్చే కాంపౌండ్ ఎస్‌ను సోయా నుంచి చౌకగా రాబట్టడం ఇతని ఘనత. సోయా ప్రోటీన్‌తో చేసిన మంటలార్పే నురగ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నావికాదళానికి అక్కరకొచ్చింది.

షికాగో శివారున, అప్పట్లో తెల్లజాతివారు ఉండే ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్నందుకు 1950లో దానికి నిప్పుపెట్టబోయారు, మరుసటి ఏడు డైనమైట్ విసిరారు. కుటుంబం మాత్రం ఇల్లు వదల్లేదు. 1953లో సొంత సంస్థ జూలియన్ లేబొరేటరీస్ పెట్టి, 1961లో అమ్మేశాడు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 1973లో సభ్యుడిగా ఎన్నుకుంది.