వేడిలో చావని ఎంజైమ్ కథ

కరోనా టైమ్‌లో ఆర్టీపీసీఆర్ టెస్ట్ అందరూ విన్నారు. కానీ అది పుట్టడానికి వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బ్యాక్టీరియా కారణమని తెలుసా?

1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో వేడినీటి బుగ్గల నుంచి థామస్ బ్రాక్, ఆయన స్టూడెంట్ హడ్సన్ ఫ్రీజ్ ఆ బ్యాక్టీరియాని సేకరించారు. 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే దీనికి 1969లో థెర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. అప్పుడు వాళ్ల మనసులో ఏ టెస్టూ లేదు. ఇంత వేడిలో ప్రాణం ఎలా ఉంటుందన్న కుతూహలం, అంతే.

1983లో కేరీ మల్లిస్‌కి పీసీఆర్ ఐడియా వచ్చింది. డీఎన్‌ఏని వేడిచేసి విడదీసి, కాపీలు తీయడం. చిక్కేంటంటే, వేడి చేసిన ప్రతిసారీ ఎంజైమ్ పాడైపోయేది, మళ్లీ కొత్తది పోయాలి. థెర్మస్ ఎంజైమ్ వాడగానే ఆ చిక్కు తీరింది. 1993లో మల్లిస్‌కి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు క్రిస్పర్ సంగతికొద్దాం. ఇందులో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అడ్రస్ చెబుతుంది, క్యాస్ ఎంజైమ్ అక్కడికెళ్లి కత్తిరిస్తుంది. క్యాస్12 లాంటివి టార్గెట్ దొరికాక చుట్టుపక్కల ముక్కల్ని కూడా కోసేస్తాయి. తెగితే వెలిగే ముక్కలు ముందే కలిపి ఉంచితే, వెలుగు వచ్చిందంటే వైరస్ ఉన్నట్టే!

కానీ శాంపిల్‌లో వైరస్ చాలా తక్కువ ఉంటుంది, ముందు కాపీలు పెంచాలి. 2000లో జపాన్‌లో వచ్చిన ల్యాంప్ పద్ధతికి 60-65 డిగ్రీల ఒకే వేడి చాలు, ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. అయితే మామూలు క్యాస్ ఎంజైమ్‌లు 37 డిగ్రీల దగ్గర పనిచేసే రకం, అంత వేడికి తట్టుకోలేవు. అందుకే రెండు స్టెప్పులు. మధ్యలో ట్యూబ్ తెరిస్తే తుంపర్లు పక్క శాంపిల్‌లో పడొచ్చు. జబ్బు లేనివాళ్లకి పాజిటివ్ రావొచ్చు!

2020లో ఫెంగ్ జాంగ్ టీమ్ దీనికి దారి చూపింది. ఆలిసైక్లోబాసిల్లస్ అసిడిఫిలస్ అనే వేడిని ఇష్టపడే బ్యాక్టీరియాలోని క్యాస్12బి 60 డిగ్రీల్లోనూ పనిచేస్తుంది. దాంతో కరోనా టెస్ట్ ఒకే ట్యూబ్, ఒకే టెంపరేచర్, దాదాపు గంటలో పూర్తి. ఈ బ్యాక్టీరియాని మొదట గుర్తించింది ఎక్కడో తెలుసా? పుల్లటి డ్రింక్‌లో!

ఇలాంటి టెస్టులు ఇంకా ప్రతి ఊరికీ చేరలేదు. పెద్ద ల్యాబ్ లేని చిన్న ఆసుపత్రిలో కూడా నమ్మకమైన రిజల్ట్ ఇవ్వగలగడమే వీటి అసలు లక్ష్యం. అక్కడ ఒక్క తప్పు పాజిటివ్ వచ్చినా ఒక ఇల్లంతా భయంతో గడపాలి.

"దీనివల్ల ఉపయోగమేంటి?" అని ఎవరైనా రీసెర్చ్‌ని కొట్టిపారేస్తే, ఆ వేడినీటి బుగ్గ కథ చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!