అగ్గిపెట్టెలో కొమ్ములు

1996 నవంబరు 6 తుపానుకు విరిగిన కొబ్బరి మొద్దులు మా కొత్తపేట తోటలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. కాలవగట్టు పక్క మొద్దుకు అరచేతంత పుట్టగొడుగు పుట్టింది. గట్టిది, పైన లక్క పూసినట్టు నిగనిగలాడేది. అది పాతబడేసరికి అడుగున సన్నటి బెజ్జాలు పడ్డాయి, పొట్టులాంటి పొడి రాలేది. తడితే ఆవగింజంత గోధుమరంగు పురుగులు జలజలా పడ్డాయి.

"కొమ్ము పురుగు పిల్లల్రా ఇవి" అన్నారు పెదనాన్న. భూతద్దం పెట్టి చూస్తే నిజమే, కొన్నింటి తల మీద బుల్లి కొమ్ములున్నాయి! గుప్పెడు పురుగులు అగ్గిపెట్టెలో దాచాను.

పెదనాన్న మాట మొదటి మెట్టులోనే వీగిపోయింది. పెంకు రెక్కలు గట్టిపడ్డాక ఏ పురుగూ ఇక పెరగదు. కొమ్ము పురుగు పిల్ల పెంటపోగులో ముడుచుకుని పడుకునే లావుపాటి తెల్ల పురుగు. పైగా కొమ్ము పురుగుల్లో ఆడదానికీ కొమ్ముంటుంది, కాస్త పొట్టిగా. నా అగ్గిపెట్టెలో సగానికి కొమ్ములే లేవు.

మరి జైలెబోరసా? తెగులు పట్టిన కొబ్బరి కాండాన్ని తొలిచే చిన్న పురుగు అది. అదే సైజు, అదే రంగు, తల లోపలికి దాచుకున్న గుండ్రటి ఒళ్లు. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. చివరికి కాలేజీ మైక్రోస్కోపు కింద మీసాలు చూశాను. జైలెబోరస్ మీసం మోచేయిలా వంగి, కొసన ఒకటే ముద్దగా ఉంటుంది. వీటి మీసం తిన్నగా ఉంది, కొసన విడివిడిగా మూడు పూసలు. పాదానికి నాలుగే గణుపులు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పుట్టగొడుగుకు వేలెడు దూరంలో మొద్దు మీద ఒక్క బెజ్జమూ లేదు.

సియిడే కుటుంబం. చెక్కలాంటి పాత పుట్టగొడుగులే వీటి ఇల్లూ తిండీ. చాలా జాతుల్లో మగవాటికే కొమ్ములు.

చెట్టును చంపేది ఆ పుట్టగొడుగు తాలూకు బూజు, గానోడెర్మా. 1952 తుపాను తరవాత తంజావూరు తోటల్ని ఎండబెట్టిన తెగులూ ఇదే. ముందు వేళ్లు కుళ్లుతాయి, తరవాత చెట్టు మొదట్లో ఎర్రటి బంక కారుతుంది, పుట్టగొడుగు బయటపడేసరికి చాలావరకు చెయ్యి దాటిపోతుంది. ఈ పురుగులు వచ్చేది ఆ తరవాతే.

సెలవులకు వచ్చి ఆ మొద్దు పక్క చెట్టు చూశాను. కాయలు బాగానే ఉన్నాయి. మొదట్లో బెత్తెడు మేర బంక కారి ఎండింది. కత్తితో పెచ్చు లేపితే లోపల మెత్తగా, గోధుమరంగుగా ఉంది.