ఉలవకట్టు నుంచి మాయపెట్టె దాకా

మా సీమలో దేనికి కరువున్నా రాళ్ళకు మాత్రం కరువు లేదు. నట్టింట్లో పరిచేది కడప బండ, కాదంటే బేతంచెర్ల నాపరాయి. అవి చాలవన్నట్టు కర్నూలు, కడప పల్లెల్లో కొందరు మూత్రపిండాల్లో కూడా రాళ్ళు మోస్తుంటారు!

కారణానికి దూరం పోనక్కర్లేదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది. చేలో మనిషి తాగిన నీళ్ళన్నీ చెమటకే సరి. మూత్రం చిక్కబడుతుంది. చిక్కని పాకంలో పటికబెల్లం పలుకులు కట్టినట్టే అందులోని లవణాలు పలుకులు కట్టి రాయవుతాయి.

ఇది ఈనాటి జబ్బేం కాదు. సుశ్రుతుడు దీన్ని ‘అశ్మరి’ అన్నాడు. అశ్మమంటే రాయి. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. కోత దాకా పోకుండా ఆయుర్వేదం చెప్పిన వాటిలో ఉలవలు ఒకటి. వాన మొహం చాటేసిన ఏడు కూడా ఎంతో కొంత పండేది ఉలవే గనుక, మా అవ్వలకు అది చేతికందిన వైద్యమైంది. ఎద్దులకని ఉడకేసిన ఉలవల కట్టు వార్చి మనుషులకిచ్చారు. గొబ్బెమ్మల మీద పెట్టే తెల్లని పిండిపూల మొక్కతో కషాయం కాచారు. దాని పేరు కొండపిండి. కొండనే పిండి చేస్తుందట!

మరి గుణమిచ్చిందా? చిన్న రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పైగా కట్టయినా, కషాయమైనా, బార్లీ అయినా, ముప్పాతిక పాలు నీళ్ళే కదా. ఆ నీళ్ళ మహిమను 1996లో ఇటలీలోని పార్మా డాక్టర్లు లెక్కగట్టారు. ఒకసారి రాయి వచ్చిన 199 మందిలో సగం మందిని, రోజుకు 2 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమన్నారు. అయిదేళ్ళలో తక్కినవాళ్ళలో నూటికి 27 మందికి మళ్ళీ రాయి వస్తే, నీళ్ళు తాగినవాళ్ళలో 12 మందికే వచ్చింది. “పాలల్లో సున్నముంటుంది, మానెయ్” అనే పెద్దమ్మలకు మరో మాట. 1993లో అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ళ తిండిని గమనిస్తే, తిండిలో కాల్షియం బాగా ఉన్నవాళ్ళకే రాళ్ళు తక్కువని తేలింది. తగ్గించవలసింది పాలు కాదు, ఉప్పు. ఊరగాయ జాడీ కేసి అలా దిగులుగా చూడకండి!

ఇక పెద్ద రాళ్ళ సంగతి. జర్మనీలో విమానాలు చేసే డోర్నియర్ కంపెనీ, మహావేగంతో పోయే విమానాన్ని వానచినుకు తాకితే లోహం ఎందుకు దెబ్బతింటుందా అని పరిశోధించింది. ఆ దెబ్బకు పుట్టే అలల విద్య చివరికి డాక్టర్ల చేతికి వచ్చింది. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో డాక్టర్ క్రిస్టియన్ షౌసీ రోగిని నీళ్ళతొట్టిలో ఉంచి, కత్తి పెట్టకుండా, బయటినుంచే అలలతో రాయిని పొడి చేశాడు. కొండను పిండి చేయడమంటే అదీ!

తిరకాసంతా ఇక్కడే. అలతో రాయి పగలడం నిజమే. అలతో ప్రతి జబ్బూ కుదురుతుందనే వ్యాపారం అంతకంటే పాతది. 1920 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్బర్ట్ అబ్రామ్స్ అనే డాక్టరు, ప్రతి జబ్బుకూ ఒక కంపనం ఉంటుందనీ, అదే కంపనంతో దాన్ని పోగొట్టవచ్చనీ చెప్పి పెట్టెలు అద్దెకిచ్చాడు. షరతేమిటంటే, పెట్టె తెరిచి చూడకూడదు! ఒకాయన కోడిపుంజు నెత్తురు చుక్క పంపిస్తే, మలేరియా, కాన్సరు, చక్కెరజబ్బు ఉన్నాయని జవాబొచ్చింది. ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక దాదాపు ఏడాది విచారించి, 1924లో ఇందులో సరుకేమీ లేదని తేల్చింది. ఆ ఏడే అబ్రామ్స్ పోయాడు. పెట్టెలు మాత్రం పోలేదు. ‘ఫ్రీక్వెన్సీ’ పేరు తగిలించుకుని, కిడ్నీలు బాగుచేస్తామంటూ ఇప్పటికీ ఇళ్ళలోకి వస్తూనే ఉన్నాయి.

రాయి గట్టిది గనుక దెబ్బకు పగులుతుంది. నీరసించిన మూత్రపిండానికి దెబ్బతో పనేముంది? షుగరు, బి.పి. ఏళ్ళ తరబడి దాని లోపలి సన్నని జల్లెడను పాడుచేస్తాయి, నొప్పి కూడా తెలియనివ్వకుండా. 1827లో లండన్ డాక్టర్ రిచర్డ్ బ్రైట్ ఈ జబ్బును వివరించాడు. చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద కాస్తే, కోడిగుడ్డు తెల్లసొనలా పేరుకునేది. అదే గుర్తు. ఇప్పుడు చెంచా, కొవ్వొత్తి అక్కర్లేదు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూస్తే చాలు.

మనం రెండింటినీ ‘కిడ్నీ జబ్బే’ అనేస్తాం. అసలు ప్రమాదమిదే. రాయికి మంచిదన్నదే రెండోదానికి చెడు కావచ్చు. ఉలవల్లో మాంసకృత్తులూ పొటాషియమూ ఎక్కువ. కొబ్బరినీళ్ళలోనూ పొటాషియముంది. మూత్రపిండం బాగా దెబ్బతింటే దాన్ని బయటికి పంపలేదు. అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదముంది. కొందరికి మంచినీళ్ళు కూడా కొలిచి తాగమంటారు డాక్టర్లు. పక్కింటాయనకు కుదిరిన వైద్యం మీ ఇంటాయనకు ముప్పు కావచ్చు.

అలాగని ఉలవకట్టును ఆడిపోసుకోనక్కర్లేదు. వెల్లుల్లి తాళింపు పెడితే రాగిసంగటిలోకి దానికి సాటేముంది? కాకపోతే మందుగా పొయ్యి మీద పెట్టేముందు, పరీక్ష కాగితం డాక్టరుకు ఒకసారి చూపించండి. ఇక, తెరిచి చూడనివ్వని పెట్టెకు మాత్రం మీ చేతి రూపాయి ఇవ్వకండి.