పాలవాడు బతికించిన బీరు

మన పాత ఇళ్ళలో బెల్జియం అద్దమంటే ఒక గౌరవం ఉండేది. ఆ దేశం పేరు మనలో చాలామంది మొదట విన్నది ఆ అద్దం మూలంగానే. ఆ దేశస్థులు మాత్రం తమ ఘనత చెప్పుకోవలసి వస్తే బీరుతో మొదలుపెడతారు. 2016లో యునెస్కో సంస్థ బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. కేరళ కంటే చిన్నదైన దేశానికి ఒక పానీయం ఇంత పేరు తేవడం వెనుక పెద్ద కథే ఉంది.

మా అన్నయ్య కొడుకు లూవెన్ నగరంలో చదువుకుంటున్నాడు. వచ్చే చలికాలం చివర నేనూ ఒక మిత్రుడూ అక్కడికి వెళ్ళి, పది రోజులపాటు బీరు కాచే ఊళ్ళూ, పాత బీరు అంగళ్ళూ చూసి రావాలని అనుకుంటున్నాం. ఎక్కడ దిగాలి, ఏ ఊరి తర్వాత ఏ ఊరు అని రాసుకుంటూ పోతే ఆ చిట్టా కాస్తా ఆ దేశ చరిత్ర అయి కూర్చుంది. బీరు ముట్టని పాఠకులకు కూడా అందులో పనికివచ్చే సంగతులు ఉన్నాయి కనుక ఇక్కడ రాస్తున్నాను.

బెల్జియం పటంలో మొదట కనబడేది భాషల గీత. ఉత్తరాన డచ్చి మాట్లాడే ఫ్లెమిష్ వాళ్ళు, దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు, నడుమ రెండు భాషల బ్రస్సెల్స్. 1830లో దేశం ఏర్పడ్డాక ప్రభుత్వమంతా ఫ్రెంచిలోనే నడిచింది. చట్టాలలో డచ్చికి సమాన హోదా రావడానికి 1898 దాకా పట్టింది. 1962, 63 సంవత్సరాలలో చట్టం చేసి భాషా సరిహద్దును స్థిరంగా గీశారు. మన దేశంలో 1956లో భాష ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అందుకేనేమో, ఆ గీత మీద ఉన్న ఊళ్ళపైనే నా కన్ను ముందు పడింది. అక్కడ కొన్ని ఊళ్ళలో అవతలి భాషవాళ్ళకు కార్యాలయాలలో తమ భాషలో పనులు జరుపుకొనే హక్కు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు అంచున చేరిన జర్మను భాషీయులు ఎనభై వేల లోపే. వాళ్ళకు సొంత శాసనసభ కూడా ఉంది.

బీరు విషయంలో ఈ గీత కొంచెం చెరిగినట్టు కనిపిస్తుంది. లూవెన్‌లోని ఆర్త్వా కంపెనీ ఫ్లెమిష్ వైపుది. జుపీల్ ఊళ్ళోని పియెబెఫ్ కంపెనీ ఫ్రెంచి వైపుది. రెండూ కలిసి 1988లో ఇంటర్‌బ్రూ అయ్యాయి. అది పెరిగి పెరిగి 2008 నాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ అయింది. 1968లో లూవెన్ విశ్వవిద్యాలయం భాష పేరుతో రెండుగా చీలిపోయింది. ఇరవై ఏళ్ళకు అదే ఊళ్ళో వ్యాపారం రెండు భాషల డబ్బును ఒకచోట కలిపింది.

అయితే మా చిట్టాలో మొదటి ఊరు లూవెన్ కాదు. దానికి ముప్పై కిలోమీటర్ల లోపే, సరిగ్గా భాషా సరిహద్దును ఆనుకొని ఉన్న హూగార్డెన్. గోధుమలతో, ధనియాలతో, నారింజ తొక్కతో కాచే తెల్లటి బీరుకు ఈ చిన్న ఊరు పేరుపడింది. ఒకప్పుడు ఇక్కడ ముప్పైకి పైగా బట్టీలు ఉండేవి. బంగారు రంగు లాగర్ బీరు ఊరూరా చేరాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1957లో చివరిది, టామ్సిన్ వారిది, మూసేశారు. దానితో ఆ తరహా బీరే ఈ ఊళ్ళో లేకుండా పోయింది.

ఆ బట్టీ పక్క ఇంట్లో పెరిగినవాడు పియెర్ సెలిస్. వృత్తి పాలు పోయడం. కుర్రతనంలో పక్కింటి బట్టీలో చేతిసాయం చేసేవాడు గనుక పని ఎలా సాగుతుందో కంటితో చూసి ఉన్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ పాత బీరును తలుచుకొని బాధపడుతుంటే, 1960ల నడుమ తానే కాచడం మొదలుపెట్టాడు. చదువుకున్న రసాయన శాస్త్రం లేదు, వంశపారంపర్యపు హక్కూ లేదు. చూసినది గుర్తుంది, అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ రెండింటితోనే పని నడిచింది. ఇంకొక ఇరవై ఏళ్ళు ఎవరూ పూనుకోకపోయి ఉంటే ఆ పని చూసిన కళ్ళు కూడా మిగిలేవి కావు.

1985లో ఆయన బట్టీ అగ్నికి ఆహుతయింది. తిరిగి కట్టడానికి ఆర్త్వా కంపెనీ పెట్టుబడి పెట్టింది, చివరకు అంతా ఆ కంపెనీ చేతికే వెళ్ళింది. సెలిస్ అమెరికా వెళ్ళి 1992లో ఆస్టిన్ నగరంలో మళ్ళీ బట్టీ పెట్టాడు. ఇక్కడ కథ ముగియలేదు. 2005లో కంపెనీ హూగార్డెన్ బట్టీని మూసి, తయారీని భాషా సరిహద్దు అవతల ఉన్న జుపీల్‌కు తరలిస్తామని ప్రకటించింది. లెక్కల ప్రకారం అది లాభం. ఊరివాళ్ళు వీధుల్లోకి వచ్చారు. తమ ఊరి పేరు పెట్టుకున్న బీరు వేరే ఊళ్ళో ఎలా తయారవుతుందని అడిగారు. 2007లో కంపెనీ మనసు మార్చుకొని తయారీని అక్కడే ఉంచింది. సెలిస్ 2011లో చనిపోయాడు. ఆయన నిలబెట్టిన తెల్ల బీరును ఇప్పుడు ఎన్నో దేశాలలో కాస్తున్నారు.

రెండవ మజిలీ బ్రస్సెల్స్‌లో ఆండర్లెక్ట్ ప్రాంతంలోని కాంతియోన్. 1900లో మొదలైన కుటుంబం బట్టీ. ఇక్కడ కాచే లాంబిక్ బీరు సంగతి తెలుగువాడికి వివరించడం చాలా తేలిక. మామూలు బీరులో ఈస్టును కొలిచి వేస్తారు. లాంబిక్‌లో ఏమీ వెయ్యరు. బార్లీ, గోధుమల కషాయాన్ని మరగబెట్టి, పైకప్పు కింద వెడల్పాటి లోతులేని రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు. గాలిలో, ఆ కట్టడంలో ఉన్న సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. మన కల్లు కూడా అంతే. చెట్టు దిగేలోపే పులియడం మొదలవుతుంది. తోడు పెట్టేవాడు ఎవడూ లేడు, కుండే తోడు. తేడా ఏమిటంటే కల్లు సాయంత్రానికే ముదిరిపోతుంది. లాంబిక్‌ను చెక్క పీపాలలో ఒకటి నుంచి మూడేళ్ళు ఉంచుతారు. వేరువేరు వయసుల లాంబిక్‌లు కలిపి సీసాలో మళ్ళీ పులియనిస్తే అది గ్యోజ్. పుల్లటి చెర్రీ పళ్ళు వేస్తే క్రీక్.

ఈ పని చలి నెలల్లోనే సాధ్యం. రాత్రి వేడిగా ఉంటే అక్కరలేని క్రిములు చేరి కషాయం చెడిపోతుంది. మా ప్రయాణం చలికాలం చివరకు పెట్టుకోవడానికి అదే కారణం. కాంతియోన్ వాళ్ళు సాలెగూళ్ళను దులపరు, సాలెపురుగులు ఈగలను పడతాయి గనుక. గిరాకీ పడిపోయిన రోజుల్లో, 1978లో, ఇంటి అల్లుడు జాన్ పియెర్ వాన్ రోయ్ ఆ బట్టీని నడుస్తూనే ఉండే మ్యూజియంగా తెరిచాడు. చూడవచ్చినవాళ్ళు కొనుక్కున్నారు, కొనుక్కున్నవాళ్ళు మరొకరికి చెప్పారు. ఒకప్పుడు వందకు పైగా బట్టీలున్న నగరంలో పాత పద్ధతి ఆ విధంగా తెగిపోకుండా నిలిచింది.

కల్లు మాట వచ్చింది గనుక చట్టం మాట కూడా చెప్పుకోవాలి. బెల్జియం సోషలిస్టు నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డ పేరుమీద 1919లో ఒక చట్టం వచ్చింది. కూలిజనం ఘాటు సారాతో నాశనమవుతున్నారని, కాఫీ అంగళ్ళలో, బీరు అంగళ్ళలో సారా పోయకూడదని నిషేధించారు. అది 1983 దాకా అమలులో ఉంది. గట్టి పానీయం కావాలన్నవాడికి బీరే దిక్కు కావడంతో, బీరే గట్టిపడింది. వెస్ట్‌మాల్ మఠం 1934లో తెచ్చిన ట్రిపెల్ బీరులో మద్యం 9.5 శాతం. మామూలు లాగర్‌లో 5 శాతం.

1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటం, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం రావడం, 1997లో పోవడం మనకు తెలుసు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసి ఎవరూ మాట్లాడలేరు. కానీ ఏది నిషేధించాలో, ఏది ఉంచాలో ప్రభుత్వాలు ఎంచుకునే తీరు కూడా చూడాలి. మా తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం. బ్రాందీ, విస్కీ మాత్రం 2003 నుంచి ప్రభుత్వమే దుకాణాలు పెట్టి అమ్ముతోంది. తాగుడు పోలేదు. ఈతచెట్టు ఎక్కడం, కల్లు గీయడం తెలిసినవాళ్ళు మా వైపు తగ్గిపోతున్నారు. బెల్జియం చట్టం సారాను అడ్డుకుంది, ఊరి బట్టీని మిగిల్చింది. మా దగ్గర ఊరి చెట్టునే ఆపేశారు.

మిగిలిన రోజులు మఠాలకు. ట్రాపిస్టు సన్యాసులు తమ చేతికష్టంతోనే బతకాలన్నది వాళ్ళ నియమం. ఆ కష్టంలో బీరు ఒకటి. దక్షిణాన ఓర్వాల్ మఠాన్ని ఫ్రెంచి విప్లవ సైన్యం 1793లో తగలబెట్టింది. 130 ఏళ్ళకు పైగా అది శిథిలంగా పడి ఉంది. 1926లో తిరిగి కట్టడం మొదలుపెట్టి, ఖర్చుల కోసం 1931లో బట్టీ స్థాపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనులు బట్టీల రాగి గంగాళాలు ఊడబెరికి ఆయుధాలకు వాడుకున్నారు. యుద్ధరేఖకు ఇవతల ఉండిపోయిన వెస్ట్‌ఫ్లేటెరెన్ మఠానికి మాత్రం ఆ గతి పట్టలేదు.

ఆ వెస్ట్‌ఫ్లేటెరెన్ మా చివరి మజిలీ. ప్రపంచమంతా వాళ్ళ బీరు కావాలంటున్నా మఠం పోషణకు సరిపడేంతే కాస్తారు, ముందుగా పేరు రాయించుకున్నవాళ్ళకే అమ్ముతారు. 2011లో మఠం భవనాలకు డబ్బు అవసరమైతే ఒకసారి దుకాణాలలో అమ్మించారు, పని అయ్యాక మానేశారు. ఆ పద్ధతికి కూడా మనుషులే ఆధారం. ఆహెల్ మఠంలో చివరి సన్యాసులు వెళ్ళిపోవడంతో 2021లో ఆ బీరుకు ట్రాపిస్టు గుర్తు పోయింది. రుచిలో లోపం రాలేదు, గోడల లోపల చూసుకునే సన్యాసులే లేరు.

1900 ప్రాంతంలో బెల్జియంలో 3,000కు పైగా బట్టీలు ఉండేవి. వాటిలో ఎక్కువ భాగం పేర్లు కూడా మిగలలేదు. మిగిలినవాటి లెక్క తీస్తే ఒక పాలవాడు, ఒక అల్లుడు, కొందరు సన్యాసులు, వీధికెక్కిన ఒక ఊరు కనబడతారు. పొరుగు రాష్ట్రాలలో బడి, పత్రిక, పాట నిలుపుకొంటున్న మనకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. చిట్టాలో అందుకే పెద్ద కంపెనీల ఫ్యాక్టరీలు కొట్టేశాం. హూగార్డెన్‌కు రెండు రోజులు ఎక్కువ వేసుకున్నాం. తెల్ల బీరు మళ్ళీ మొదలైన రోజులు గుర్తున్న ముసలివాళ్ళు అక్కడ ఎవరైనా ఉంటే, వాళ్ళతో కూర్చోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.