ఓరుగల్లు నేర్పిన పాఠం

పదో తరగతిలో మా సోషల్ సారు సిద్దిపేట నుంచి మమ్మల్ని ఓరుగల్లు కోటకు తీసుకెళ్లారు. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. రుద్రదేవుడు 1163లో అక్కడ వేయిస్తంభాల గుడి కట్టించాడు. గణపతిదేవుడు రాజధానిని ఓరుగల్లుకు మార్చి రాతికోట కట్టిస్తే, రుద్రమదేవి దాన్ని బలపరిచింది. 1323లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనలకు చిక్కాడు. నగరం సుల్తాన్‌పూర్ అయింది.

"రాజ్యం పోయాక ఏం మిగిలిందిరా?" అని సారు అడిగారు. నేను నాలుగు తోరణాలు చూపించాను.

"చెరువులు మరిచినవ్" అన్నారు.

నిజమే. గణపతిదేవుని కాలంనాటి పాకాల, రామప్ప చెరువుల కింద నేటికీ పొలాలు పండుతున్నాయి. ఇప్పుడు నేనూ సోషల్ టీచర్నే. పిల్లలను ముందు చెరువు కట్ట మీదికి తీసుకెళ్తాను, తర్వాతే కోటకు.